అడవి గోధుమ జన్యువు వెంట నాలుగేళ్లు: నా అనుభవం

నేను ఈ పనిలోకి ల్యాబ్ వైపు నుంచి వచ్చాను. పిపెట్ పట్టుకోవడం వచ్చు, పీసీఆర్ పెట్టడం వచ్చు. గోధుమ వెన్ను చేతిలో పెట్టి పువ్వు ఎక్కడుందో చూపించమంటే మాత్రం దిక్కులు చూసేదాన్ని. పీహెచ్‌డీలో చేరిన మొదటి వారంలో మా గైడ్ ఒక కాగితం మీద రెండు రకాల పేర్లు రాసి, మధ్యలో ఒక బాణం గీశారు. "దీంట్లో ఉన్న జన్యువు దాంట్లోకి రావాలి. మార్కర్ (జన్యువు వచ్చిందో లేదో చెప్పే డీఎన్ఏ గుర్తు) ఉంది కాబట్టి తేలికే" అన్నారు. ఆ తేలిక పనికి నాలుగేళ్లు పట్టింది.

ఆ జన్యువు పేరు జీపీసీ-బి1. గింజలో మాంసకృత్తుల శాతాన్ని పెంచుతుంది, దాంతోపాటు జింకు, ఇనుము కూడా. దాని కథ నాకు భలే ఇష్టం. 1906లో ఆరన్ ఆరన్సన్ అనే వృక్షశాస్త్రవేత్త ఇప్పటి ఇజ్రాయెల్ ఉత్తరాన ఉన్న గలిలీ ప్రాంతంలో, రోష్ పినా దగ్గర, రాళ్ల సందుల్లో పెరుగుతున్న అడవి ఎమ్మర్ గోధుమను గుర్తించాడు. మనం పండించే గోధుమలకు అది పూర్వీకురాలు. వందేళ్ల తర్వాత, 2006లో, క్రిస్టోబల్ వావీ, జార్జ్ డుబ్‌కోవ్‌స్కీ, ట్సియోన్ ఫహీమా బృందం ఆ అడవి గోధుమలోని ఈ జన్యువును విడదీసి చూపించింది. విచిత్రం ఏమిటంటే ఇది మనం సాగుచేసే గోధుమల్లోనూ ఒకప్పుడు ఉన్నదే. ఇప్పటి రకాల్లో చాలావాటిలో అది చెడిపోయి ఉంది, లేదంటే అసలే లేదు. 1862లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శన నుంచి దాచిపెట్టిన పాత గింజల్ని తర్వాత పరీక్షిస్తే, కొన్నింట్లో పనిచేసే జన్యువు దొరికింది కూడా. కాబట్టి మేం చేస్తున్నది కొత్తగా తెచ్చి పెట్టడం కంటే, పోగొట్టుకున్నదాన్ని వెతికి తెచ్చుకోవడంలాంటిదే.

అడవి గోధుమను నేరుగా మన రకంతో సంకరం చేస్తే తలనొప్పి ఎక్కువ. దానికి 28 క్రోమోజోములు, రొట్టె గోధుమకు 42. రెండింటికీ పుట్టిన మొక్కకు 35 వస్తాయి, జతలు సరిగ్గా కుదరక గింజ కట్టడమే కష్టమవుతుంది. అదృష్టవశాత్తూ ఆ గొడవంతా మాకన్నా ముందువాళ్లు పడి, ఈ జన్యువును రొట్టె గోధుమలోకి ఎప్పుడో తెచ్చేశారు. నాకు దాతగా ఇచ్చింది అలాంటి రకమే. తల్లిగా తీసుకున్న రకం దిగుబడిలో మంచిది, గింజ నాణ్యతలో ఫర్వాలేదు, మాంసకృత్తుల్లో మామూలు.

మొదటి సంకరణం రోజు నాకింకా గుర్తుంది. గోధుమ పువ్వు తన పుప్పొడితో తానే ఫలదీకరణ చేసుకుంటుంది, అదీ పువ్వు విచ్చుకునే లోపే చాలావరకు అయిపోతుంది. అంటే వెన్ను ఇంకా పచ్చిగా, పుప్పొడి తిత్తులు లేత ఆకుపచ్చగా ఉన్నప్పుడే వాటిని తీసెయ్యాలి. వెన్నులో కింది, పై చిరువెన్నుల్ని తుంచేసి, ఒక్కో చిరువెన్నులో మధ్య పువ్వుల్ని పీకేసి, అంచున ఉన్న రెండే ఉంచుతాం. పొట్టు కొసల్ని కత్తెరతో కత్తిరించి, సన్న పటకారుతో ఒక్కో పువ్వులోంచి మూడు తిత్తులూ లాగాలి. మూడూ రావాలి. రెండు తీసి మూడోది మరిచామా, అంతే సంగతులు. ఒకటి చిట్లినా అంతే. ఆ లోపల పుప్పొడిని అందుకునే, తెల్లటి ఈకల జతలా ఉన్న కీలాగ్రానికి పటకారు తగిలితే ఆ పువ్వు పనికిరాదు. నేను మొదటి వెన్నుకు గంటకు పైగా తీసుకున్నాను. పొలం పనులు చూసే పెద్దాయన పక్కన కూర్చుని అదే సమయంలో ఆరు వెన్నులు ముగించి, బటర్ పేపర్ సంచులు తొడిగి, ట్యాగులు కట్టేశాడు. "పటకారును పెన్ను పట్టుకున్నట్టు పట్టుకోవద్దమ్మా, వేలికి వేలాడుతున్నట్టు పట్టుకో" అన్నాడు. రెండు మూడు రోజులాగి, కీలాగ్రం బాగా విచ్చుకున్నాక, దాత మొక్క పుప్పొడి దులపాలి. అదొక్కటే సులువైన పని.

అలా వచ్చిన గింజల్లో 23 మొలిచాయి. అన్నీ సంకరాలే అనుకుని సంబరపడ్డాను. గైడ్ మాత్రం "ముందు మార్కర్ పెట్టి చూడు" అన్నారు. చూస్తే ఐదు మొక్కల్లో దాత జన్యువు ఆనవాలే లేదు. నా చేతిలో తప్పించుకున్న తిత్తుల పుణ్యం, అవి తల్లి మొక్క తనంతట తాను కన్న పిల్లలు. మార్కర్ అంటే ఏమిటో నాకు మనసుకెక్కింది ఆ రోజే. అంతవరకు అది నాకు పుస్తకంలో మాట.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. గోధుమ జన్యుపదార్థం చాలా పెద్దది, దాదాపు 1,600 కోట్ల అక్షరాలు, మనిషికి ఉన్నదానికి ఐదు రెట్లు. పైగా మూడు పూర్వీకుల క్రోమోజోములు ఒకే కణంలో ఉంటాయి కాబట్టి, ఏ జన్యువు వెతికినా దాని పోలికలు ఇంకో రెండు చోట్ల కనిపిస్తాయి. ఇంత అడవిలో మనకు కావలసిన చోటు 6బి క్రోమోజోము పొట్టి భుజం మీద ఒక చిన్న ముక్క. ఆ ముక్కలో దాతకూ తల్లికీ తేడా ఉన్న ఒకటి రెండు అక్షరాల్ని పట్టుకుని, మొలక ఆకు ముక్క నుంచి డీఎన్ఏ తీసి, ఎవరిది వచ్చిందో చదవడమే మార్కర్ పని. మొక్క వెన్ను తీసి, గింజ పండి, దాన్ని పరీక్షకు పంపేదాకా ఆగక్కర్లేదు, రెండు ఆకుల దశలోనే తెలిసిపోతుంది. మొదట్లో మేం డీఎన్ఏ ముక్కల్ని సైజును బట్టి విడదీసే జెల్ మీద పట్టీలు చూసేవాళ్లం. రెండు పట్టీల మధ్య తేడా చాలా స్వల్పం. కళ్లు చికిలించి, స్కేలు పెట్టి, ఇది పైదా కిందిదా అని వాదించుకునేవాళ్లం. తర్వాత కాస్ప్ అనే పరీక్ష పద్ధతికి మారాం. అందులో ఒక రూపానికి ఒక రంగు, ఇంకో రూపానికి ఇంకో రంగు వెలుగుతుంది. రెండూ ఉంటే రెండూ వెలుగుతాయి. కంప్యూటర్ తెర మీద మొక్కలు మూడు గుంపులుగా విడిపోతాయి. వాదనలు తగ్గాయి, తప్పులు మాత్రం కొత్త రూపంలో వచ్చాయి.

అందులో ఒకటి చెప్పాలి. సంకర మొక్కను మళ్లీ తల్లి రకంతో కలిపితే బ్యాక్‌క్రాస్. అలా వచ్చిన మొదటి తరంలో 93 మొక్కలు. 96 గుంతల ప్లేటులో 93 మొక్కల డీఎన్ఏ, చివరి మూడు గుంతల్లో దాత, తల్లి, ఖాళీ. ఖాళీ అంటే నీళ్లు మాత్రమే, అక్కడ ఏమీ వెలగకూడదు. ఫలితాలు సాయంత్రం వచ్చాయి. సగం మొక్కల్లో జన్యువు ఉంది, సగంలో లేదు. లెక్క ప్రకారం అలాగే ఉండాలి కాబట్టి అనుమానం రాలేదు. ట్రేలలో చోటు చాలడం లేదని అదే రాత్రి 'లేదు' అని వచ్చిన మొక్కలన్నీ పీకి పారేశాను. మర్నాడు పొద్దున రిపోర్టు రాస్తూ మళ్లీ తెర చూస్తే, మొదటి గుంత ఏ1 ఖాళీగా ఉంది. డీఎన్ఏ సరిగా రాలేదేమో అనుకున్నాను. ఏ3లో ఉన్న మొక్కకు ఆ జన్యువు రెండు ప్రతులూ దాతవే అని చూపిస్తోంది. అక్కడ ఆగిపోయాను. బ్యాక్‌క్రాస్ మొక్కకు ఒక ప్రతి తప్పనిసరిగా తల్లి నుంచి వస్తుంది. రెండూ దాతవి అయ్యే అవకాశమే లేదు. చివరి గుంత హెచ్12, నీళ్లు మాత్రమే ఉండాల్సింది, వెలుగుతోంది.

ప్లేటును మెషీన్‌లో తలకిందులుగా పెట్టాను. ఏ1 పోయి హెచ్12 చోట కూర్చుంది, హెచ్12 వచ్చి ఏ1 చోట కూర్చుంది. కడుపులో దేవినట్టయింది. పీకేసిన మొక్కలు అప్పటికే కంపోస్టు గుంటలో ఉన్నాయి. గుంతల పేర్లు తిరగేసి మళ్లీ లెక్క చూస్తే, నేను ఉంచుకున్న 47 మొక్కల్లో 24 నిజంగా జన్యువు ఉన్నవి, మిగతావి ఉట్టివి. అంటే ఉన్నవాటిలో దాదాపు సగం నా చేతులతో నేనే పీకేశాను. గైడ్‌తో చెప్పడానికి మధ్యాహ్నం దాకా ధైర్యం రాలేదు. చెప్పాక ఆయన తిట్టలేదు. "ఒక మూల ఖాళీ పెట్టేది ఇందుకే మరి" అన్నారు, అంతే. అప్పటినుంచి నా ప్లేట్లన్నిటికీ ఏ1 మూల శాశ్వత మార్కర్‌తో నల్లటి చుక్క ఉంటుంది.

మిగిలిన 24 మొక్కలతోనే ముందుకు వెళ్లాం. ప్రతి బ్యాక్‌క్రాస్‌కూ తల్లి వాటా పెరుగుతుంది. మొదటి తరంలో సగటున 75 శాతం, రెండో తరంలో 87.5. అది సగటు మాత్రమే. జన్యుపదార్థమంతా పరుచుకున్న మార్కర్లతో ఒక్కో మొక్కనూ చూస్తే కొన్ని 80 దగ్గరే ఆగిపోతాయి, కొన్ని 90 దాటేస్తాయి. దాటినవాటిని ఏరుకుంటే ఒక తరం కలిసొస్తుంది. నాకు అంతకన్నా ముఖ్యంగా అనిపించింది జన్యువు పక్కన ఉన్న ముక్క సంగతి. కావలసిన జన్యువుతో పాటు దాని ఇరుగు పొరుగు కూడా అంటుకుని వస్తుంది. ఈ విషయంలో ఒక మంచి పొరుగు ఉంది. వైఆర్36 అనే జన్యువు దీనికి బాగా దగ్గరలో ఉంటుంది, పసుపు తుప్పు తెగులును కొంత తట్టుకునే శక్తి ఇస్తుంది. అది రావాలి. దానికి అటూ ఇటూ ఉన్న అడవి ముక్కలు వద్దు. అందుకని ఆ చోటుకు రెండు పక్కలా కాపలా మార్కర్లు పెట్టి, ఒకవైపు అడవి ముక్క తెగిపోయిన మొక్కను మొదటి తరంలో, రెండోవైపు కూడా తెగిపోయినదాన్ని తర్వాతి తరంలో వెతికాం. ఇలాంటి మొక్కలు అరుదు. రెండో వైపు తెగింది ఒకే ఒక్క మొక్కలో దొరికింది. దానికి మా ల్యాబ్‌లో ముద్దుపేరు కూడా పెట్టారు, నీళ్లు పోయడానికి వంతులు వేసుకున్నారు.

గ్లాస్‌హౌస్‌లో రోజుకు 22 గంటలు లైట్లు వేసి పెంచేవాళ్లం కాబట్టి తరాలు త్వరగా గడిచాయి. రెండో బ్యాక్‌క్రాస్ తర్వాత మొక్కల్ని తమలో తామే గింజ కట్టనిచ్చి, నాలుగింట ఒకటి చొప్పున రెండు ప్రతులూ దాతవే అయినవాటిని ఏరి, గింజ పెంచి, ఒక్కో మొక్క సంతతిని ఒక్కో 'లైన్'గా పొలంలోకి తెచ్చాం. ల్యాబ్ పని అయిపోయింది, ఇక కోసి తూచడమే అనుకున్నాను.

వెన్నులు తీసి, గింజ పాలు పోసుకుని, గట్టిపడే సమయంలో ఒక రోజు ఆ పెద్దాయన ఫోన్ చేశాడు. "అమ్మా, నీ లైన్లు కొన్ని ఎండిపోతున్నాయి. పక్క వరుసలు పచ్చగానే ఉన్నాయి. నీళ్లు అందలేదేమో, పెట్టమంటావా?" పరుగెత్తుకుంటూ వెళ్లాను. ఆయన చెప్పింది నిజమే. తల్లి రకం వరుసలు ఇంకా పచ్చగా నిలబడి ఉంటే, మధ్యమధ్య కొన్ని వరుసల్లో పోటాకు (వెన్ను కింది చివరి ఆకు) కొసల నుంచి పసుపు దిగుతోంది, మెడ భాగం రంగు మారింది. నా నోట్‌బుక్ తీసి ప్లాట్ నంబర్లు చూశాను. పసుపెక్కిన ప్రతి వరుసా జన్యువు ఉన్న లైనే. పచ్చగా ఉన్న ఒక్కదానిలోనూ లేదు. పోలిక కోసం ఉద్దేశపూర్వకంగా జన్యువు లేని అక్కచెల్లెళ్లను కూడా నాటాం, అవి కూడా పచ్చగానే ఉన్నాయి.

చదివిన విషయమే, కళ్ల ముందుకు వచ్చేసరికి నిలబడిపోయాను. ఈ జన్యువు గింజలో మాంసకృత్తుల్ని తయారుచేయదు. ఆకుల్ని ముందుగా ముసలివాటిని చేస్తుంది. ఆకుల్లో ఉన్న నత్రజని, జింకు, ఇనుము విడివడి కాండం గుండా వెన్నులోకి చేరతాయి. 2006లో ఆ బృందం ఇదే కుటుంబం జన్యువుల పనిని అణిచేసి చూస్తే, ఆకులు మూడు వారాలకు పైగా ఆలస్యంగా ఎండాయి, గింజలో మాంసకృత్తులు, జింకు, ఇనుము 30 శాతానికి పైగా తగ్గాయి. నా వరుసల్లో తేడా కొద్ది రోజులే. కానీ నెలల తరబడి తెర మీద రంగు చుక్కలుగా చూసినది పొలంలో రంగుగా కనిపించింది. "నీళ్లు పెట్టొద్దు, అది అలాగే ఎండాలి" అన్నాను. ఆయన నన్ను అదోలా చూశాడు. చేను ఎండుతుంటే సంతోషపడే మనిషిని ఆయన అదే మొదటిసారి చూసుంటాడు.

ఆ సంతోషం ఎక్కువకాలం నిలవలేదు. కోత తర్వాత మాంసకృత్తుల ఫలితాలు వచ్చినప్పుడు 11వ నంబర్ లైన్ 15 శాతం చూపించింది, తల్లి రకం 13. ఎగిరి గంతేశాను. గైడ్ అడిగిన మొదటి ప్రశ్న: "వెయ్యి గింజల బరువెంత?" తూస్తే తల్లి రకానికి 42 గ్రాములు, 11వ నంబర్‌కు 36. లెక్క వేయండి. తల్లి గింజ ఒక్కోదానిలో 5.46 మిల్లీగ్రాముల మాంసకృత్తులు, 11వ నంబర్ గింజలో 5.4. గింజ నొక్కుకుపోయి పిండి పదార్థం తగ్గింది కాబట్టి శాతం పెరిగినట్టు కనిపించింది, అంతే. ఆకులు ముందే ఎండితే గింజ నిండటానికి టైమ్ తగ్గుతుంది. కొన్ని లైన్లు దాన్ని తట్టుకున్నాయి, ఇది తట్టుకోలేదు. 6వ నంబర్ లైన్ 14.2 శాతమే, కానీ గింజ 41 మిల్లీగ్రాములు. అంటే గింజకు 5.8కి పైగా. నిజమైన పెరుగుదల అక్కడ ఉంది. ఈ రెండు లైన్లకూ మార్కర్ చెప్పింది ఒకే మాట. ఇక నత్రజని తక్కువ ఇచ్చిన ప్లాట్లలో 6వ నంబర్ కూడా పెద్దగా మెరవలేదు. ఆకులో లేనిది గింజలోకి ఎక్కడి నుంచి తెస్తుంది?

జింకు, ఇనుము దగ్గర ఇంకో పాఠం. ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ మెషీన్‌లో గింజల్ని అలాగే పోసి చదివించవచ్చు, పొడి చెయ్యక్కర్లేదు. మొదటి ఏడాది ఇనుము అంకెలు చూసి నేనే నమ్మలేదు, అంత ఎక్కువ. ఆమ్లంలో కరిగించి మళ్లీ కొలిచినప్పుడు అల్యూమినియం కూడా ఎక్కువగా వచ్చింది. గోధుమ గింజలో అల్యూమినియం ఉండేది నామమాత్రం, మట్టిలో మాత్రం దండిగా ఉంటుంది. అంటే నేను కొలిచింది గింజకు అంటిన దుమ్మునూ, బహుశా నూర్పిడి యంత్రం లోహాన్నీ. రెండో ఏడాది ప్రతి ప్లాటు నుంచి కొన్ని వెన్నులు విడిగా కోసి, కాగితపు కవర్లలో పెట్టి, చేతితో నలిపి, విరిగిన గింజలు ఏరేసి పంపాం. అరచేతులు మంట పుట్టాయి, గోధుమ మీసాలు చొక్కా చేతుల్లో దిగబడి రెండు ఉతుకులకూ పోలేదు. అంకెలు దిగొచ్చాయి. ఆ తర్వాత మిగిలిన తేడా చిన్నదే, కానీ అది గింజదే.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. జింకు విషయంలో ఒక్క జన్యువుతో పని తీరదు. అది చిన్న చిన్న ప్రభావాలున్న చాలా జన్యువుల ఉమ్మడి ఫలితం. అందుకే మెక్సికోలోని అంతర్జాతీయ మొక్కజొన్న, గోధుమ పరిశోధన కేంద్రం సిమ్మిట్ లాంటి సంస్థలు అడవి జాతులనూ, స్పెల్ట్ లాంటి పాత రకాలనూ వాడి, ఏళ్ల తరబడి సంకరాలు చేసి అధిక జింకు గోధుమల్ని తెచ్చాయి. పాకిస్తాన్‌లో విడుదలైన జింకోల్ 2016 ఆ కోవలోనిదే. నా జీపీసీ-బి1 ఆ పెద్ద పనికి ఒక చేయి వేసేదే తప్ప మొత్తం మోసేది కాదు.

ఏం చదువుతున్నావని అడిగినవాళ్లకు ఇదంతా చెబితే వచ్చే ప్రశ్న ఒకటే: "అయితే ఇది జీఎం (జన్యుమార్పిడి) గోధుమా?" కాదు. పుప్పొడి దులిపి గింజ కట్టించడమే చేశాం. మార్కర్ చదువుతుంది, ఏమీ మార్చదు. ఇంకో ప్రశ్న ఎవరూ అడగరు గానీ నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే. గింజలో ఇనుము, జింకు ఎక్కువ భాగం పై పొరల్లో, మొలకలో ఉంటాయి. తెల్లటి పిండి కోసం మిల్లు తీసేసేది సరిగ్గా వాటినే. పైగా ఆ పొరల్లోనే ఫైటేట్ అనే పదార్థం కూడా ఉండి, ఇనుమునూ జింకునూ పట్టుకుని ఒంటికి అందనివ్వదు. నేను అంకెల కోసం అరచేతులు కాల్చుకుంటుంటే అవతల మిల్లు ఒక్క తిప్పులో సగానికి పైగా తవుడులోకి పంపేస్తుంది. ఈ మాట థీసిస్‌లో ఒక పేరాగా రాశాను. ఇంకా పెద్దగా రాయాల్సింది.

చివరికి 11వ నంబర్‌ను పక్కన పెట్టాం. 6తో పాటు ఇంకో రెండు లైన్లు తర్వాతి ఏడాది మళ్లీ పెద్ద ప్లాట్లలో పెట్టాం. మొన్న కోతకు ముందు పొలానికి వెళ్తే, పెద్దాయన 6వ నంబర్ వెన్ను ఒకటి తుంచి అరచేతిలో నలిపి, పొట్టు ఊది, గింజల్ని వేలితో జరుపుతూ చూశాడు. "తాలు లేదు" అన్నాడు. ఒక గింజ పంటి కింద పెట్టి కొరికి, "ఇది ముందే తయారైంది. మిగతావాటితో పాటు ఆగితే రాలిపోతుంది" అంటూ జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి, కోత తేదీల పట్టీలో నా మూడు లైన్ల పక్కన రాసి ఉన్న తేదీ కొట్టేసి, ఐదు రోజులు ముందుకు జరిపి రాసుకున్నాడు.